అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం, పునరుత్పాదక ఇంధనం: భారత విదేశాంగ విధానంలో ఒక సుదీర్ఘ చర్చ

ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి పనికొచ్చే యురేనియం-235 వాటా 0.7 శాతమే. దాన్ని సెంట్రిఫ్యూజులలో తిప్పి 3 నుంచి 5 శాతానికి పెంచితే చాలా దేశాల విద్యుత్ రియాక్టర్లకు ఇంధనం తయారవుతుంది. అవే సెంట్రిఫ్యూజులను ఇంకా తిప్పుతూ పోయి 90 శాతానికి చేరిస్తే బాంబుకు సరుకు సిద్ధం. పైగా ఈ పనిలో కష్టమంతా మొదట్లోనే ఉంది. 20 శాతం దాకా చేరిన దేశం బాంబు దారిలో సింహభాగం నడిచేసినట్టే. రెండో దారి ప్లుటోనియం. రియాక్టరులో వాడేసిన ఇంధనం నుంచి దాన్ని రసాయనిక ప్రక్రియతో వేరుచేస్తారు. ఒక బాంబుకు 8 కిలోల ప్లుటోనియం చాలునని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క. వెయ్యి మెగావాట్ల మామూలు రియాక్టరు ఏడాదికి 200 కిలోలకు పైగా ప్లుటోనియాన్ని తన ఇంధనంలో పోగేస్తుంది.

ఇంట్లో దీపం వెలిగించే విద్యకూ, నగరాన్ని బూడిద చేసే విద్యకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉండబట్టే అణు విద్యుత్తు ఏ దేశంలోనూ ఇంధన శాఖ ఒక్కదాని వ్యవహారంగా మిగల్లేదు. ఎవరి దగ్గర యురేనియం కొనాలి, ఎవరికి రియాక్టరు అమ్మాలి, ఎవరి ప్లాంటులో తనిఖీలు జరగాలి అన్నవన్నీ దౌత్యవేత్తల పనులయ్యాయి. సౌర, పవన విద్యుత్తుకు ఈ చిక్కు లేదు. సౌర ఫలకంతో బాంబు చేయలేరు. గాలిమరను తనిఖీ చేయడానికి వియన్నా నుంచి ఇన్‌స్పెక్టర్లు రానక్కర్లేదు. అలాంటప్పుడు అణ్వస్త్ర వ్యాప్తికి అడ్డుకట్ట వేయాలంటే పునరుత్పాదక ఇంధనాన్ని పెంచడమే మేలైన మార్గం కాదా అని అడిగేవారు చాలామందే ఉన్నారు.

ఆ ప్రశ్నలో బలం ఎంతో, లోటు ఎంతో తెలుసుకోవడానికి భారతదేశం కంటే మంచి ఉదాహరణ దొరకదు. వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయకుండా అణ్వస్త్రాలు తయారుచేసి, ఆ తర్వాత అణు సరఫరాదారుల బృందం నుంచి మినహాయింపు సంపాదించుకున్న దేశం ఇదొక్కటే. సౌర విద్యుత్తులో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశాల్లోనూ ఇది ఒకటి.

బేరంతో మొదలైన ఒప్పందం

1953 డిసెంబరు 8న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ శాంతి కోసం అణువు అనే ప్రతిపాదన చేశారు. అణు విద్యను ప్రపంచంతో పంచుకుంటాం, దాన్ని ఆయుధాలకు వాడబోమని పుచ్చుకునేవారు మాట ఇవ్వాలి అన్నది దాని సారం. ఆ ఆలోచనే 1957లో వియన్నా కేంద్రంగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుట్టుకకు దారితీసింది. అంతకు రెండేళ్ల ముందు, 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సుకు అధ్యక్షత వహించింది హోమీ జహంగీర్ భాభా.

భాభా వేసిన ప్రణాళికలో మూడు దశలున్నాయి. మొదట సహజ యురేనియంతో, భారజలంతో నడిచే రియాక్టర్లు. వాటి నుంచి వచ్చే ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్లు. చివరికి థోరియం. దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. కేరళ, తమిళనాడు, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తీరాల ఇసుకలో మోనజైట్ రూపంలో అది పుష్కలంగా ఉంది. ఎవరి మీదా ఆధారపడని విద్యుత్తు ఆయన లక్ష్యం. అయితే ఆ ప్రణాళికకు నడుమ ఉన్నది ప్లుటోనియం. స్వావలంబన కోసం వేసిన దారి ఆయుధాల గుమ్మం ముందు నుంచే వెళ్లింది.

అదే కాలంలో ప్రధాని నెహ్రూ అణు పరీక్షలను నిలిపివేయాలని 1954 ఏప్రిల్‌లో ప్రపంచ దేశాలను కోరారు. పరీక్షల నిలుపుదల కోసం తొలుత గొంతెత్తిన ప్రపంచ నేతల్లో ఆయన ఒకరు. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున పరీక్షలను నిషేధించిన 1963 నాటి పాక్షిక నిషేధ ఒప్పందంపై భారత్ వెంటనే సంతకం చేసింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 16న చైనా లాప్‌నోర్ ఎడారిలో తన మొదటి బాంబును పేల్చింది. 1962 యుద్ధం గాయం మానకముందే వచ్చిన ఆ వార్తతో ఢిల్లీలో చర్చ స్వరం మారిపోయింది.

1968 జులై 1న సంతకాలకు తెరిచి, 1970 మార్చి 5 నుంచి అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, అంటే ఎన్‌పీటీ, ప్రపంచాన్ని ఒక తేదీతో రెండుగా విడదీసింది. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన అయిదు దేశాలు అణ్వస్త్ర దేశాలు. మిగిలినవారంతా ఆయుధాలు వదులుకుంటామని మాట ఇవ్వాలి. బదులుగా రెండు హామీలు. నాలుగో అధికరణం ప్రకారం అందరికీ శాంతియుత అణుశక్తిపై హక్కు ఉంటుంది. ఆరో అధికరణం ప్రకారం ఆయుధాలున్న దేశాలు నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపాలి. చైనాకు లోపల చోటిచ్చి, తనను బయట నిలబెట్టే గీతను భారత్ ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఒప్పందం వచ్చి అర్ధ శతాబ్దం దాటినా ఆరో అధికరణం కింద జరగవలసిన పని జరగలేదు. అమెరికా, రష్యాల వ్యూహాత్మక ఆయుధాలకు పరిమితి విధించిన చివరి ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు కూడా 2026 ఫిబ్రవరి 5 వరకే.

న్యాయం ఉన్నంత మాత్రాన ఎన్‌పీటీని నిష్ఫలమని కొట్టిపారేయడం తప్పు. 191 దేశాలు చేరిన ఒప్పందమిది. భారత్, పాకిస్తాన్, ఇజ్రాయెల్, దక్షిణ సూడాన్ చేరలేదు. ఉత్తర కొరియా 2003లో వైదొలిగింది. అణ్వస్త్ర దేశాలు పదుల సంఖ్యలో పెరుగుతాయని 1960లలో చాలామంది భయపడ్డారు. నేటికీ అవి తొమ్మిదే.

పోఖ్రాన్ నుంచి పోఖ్రాన్ దాకా

1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో జరిగిన పేలుడును ఇందిరాగాంధీ ప్రభుత్వం శాంతియుత అణు విస్ఫోటనమని ప్రకటించింది. అందులో వాడిన ప్లుటోనియం ట్రాంబేలోని సైరస్ రియాక్టరు నుంచి వచ్చింది. ఆ రియాక్టరు కెనడా సాయంతో కట్టింది, భారజలం అమెరికా ఇచ్చింది. శాంతి అవసరాలకే వాడతామని అప్పుడు భారత్ ఇచ్చిన మాటకు ఈ పేలుడు విరుద్ధమని కెనడా అంది. ఒప్పంద పత్రాల్లో అలాంటి నిషేధం లేదని భారత్ వాదించింది. కెనడా సహకారం ఆగిపోయింది. సరఫరా దేశాలు కూడబలుక్కుని ఒక బృందంగా ఏర్పడ్డాయి. అదే నేటి అణు సరఫరాదారుల బృందం, ఎన్‌ఎస్‌జీ. భారత్‌ను కట్టడి చేయడానికి పుట్టిన కూటమిలోనే సభ్యత్వం కోసం 2016లో భారత్ దరఖాస్తు పెట్టుకోవడం, ఆ ఏడాది సియోల్ సమావేశంలో చైనా అడ్డుపడటం దౌత్య చరిత్రలో ఆలోచించదగిన ఘట్టాలు.

ఆంక్షల దెబ్బ ముందుగా తగిలింది తారాపూర్‌కు. అమెరికా సాయంతో 1969లో మొదలైన ఆ కేంద్రానికి జీవితాంతం ఇంధనం ఇస్తామన్న ఒప్పందం ఉండేది. 1978లో అమెరికా కాంగ్రెస్ చేసిన కొత్త చట్టం దాన్ని అడ్డుకుంది. ఆ తర్వాత ఫ్రాన్స్, చైనా, రష్యా ఒకదాని తర్వాత ఒకటి ఇంధనం సరఫరా చేసి దాన్ని నడిపించాయి. కరెంటు కోసం కట్టిన కేంద్రం ఎప్పుడు ఆగుతుందో మరో దేశపు చట్టసభ నిర్ణయించగలదన్న పాఠం భారత అధికారుల మనసుల్లో అప్పుడు నాటుకుంది. ఆ తర్వాత ప్రతి చర్చలోనూ అది కనిపిస్తుంది.

ఒంటరితనం ఒక మేలు కూడా చేసింది. హైదరాబాద్ నగరం ఇందుకు సాక్ష్యం. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, 1971లో మొదలైన అణు ఇంధన సముదాయం దేశీయ రియాక్టర్లకు నియంత్రణ పరికరాలు, ఇంధన కడ్డీలు అందించాయి. గోదావరి ఒడ్డున మణుగూరులో భారజల కర్మాగారం వెలిసింది. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరుతోనే నేటి ఏఎస్ రావు నగర్ ఉంది. రాజస్థాన్‌లో కెనడా సగంలో వదిలేసిన రెండో రియాక్టరును భారత ఇంజినీర్లే పూర్తిచేశారు. కానీ కొరత కొరతే. 220 మెగావాట్ల చిన్న రియాక్టర్లు కట్టుకుంటూ పోవడానికి దశాబ్దాలు పట్టింది. ఆ కాలంలో దేశాన్ని నడిపింది బొగ్గే.

1988 జూన్‌లో రాజీవ్ గాంధీ 2010 నాటికి అణ్వస్త్రాలు లేని ప్రపంచం కోసం ఒక కార్యాచరణ ప్రణాళికను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టారు. పెద్ద దేశాలు దాన్ని పక్కన పెట్టేశాయి. 1995లో ఎన్‌పీటీని కాలపరిమితి లేకుండా పొడిగించారు. మరుసటి ఏడాది సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం, సీటీబీటీ, సిద్ధమైంది. అయిదుగురి ఆధిక్యం శాశ్వతం కాబోతోందని, తలుపులు మూసుకుంటున్నాయని ఢిల్లీకి అర్థమైంది.

ఆ వేళ ప్రధానిగా ఉన్నది పాములపర్తి వెంకట నరసింహారావు. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో పరీక్షల సన్నాహాలు అమెరికా ఉపగ్రహాల కంటపడ్డాయి. ఒత్తిడి వచ్చింది, పరీక్షలు ఆగాయి. సంస్కరణల బాట పట్టిన ఆర్థిక వ్యవస్థ ఆంక్షలను తట్టుకునే స్థితిలో అప్పటికి లేదు. కానీ కార్యక్రమం ఆగలేదు, చేతులు మారింది. 1998 మే 11, 13 తేదీల్లో వాజ్‌పేయి ప్రభుత్వం అయిదు పరీక్షలు జరిపింది. అదే నెల 28న, 30న పాకిస్తాన్ బదులిచ్చింది. జూన్ 6న భద్రతా మండలి 1172వ తీర్మానంతో రెండు దేశాలనూ ఖండించింది. అదే సంవత్సరం బీజేపీ నేత జస్వంత్ సింగ్ ఫారిన్ అఫైర్స్ పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచ అణు వ్యవస్థను జాతి వివక్షతో పోల్చింది. ముందుగా ప్రయోగించబోమన్న హామీ, కనీస స్థాయి నిరోధక శక్తి అన్న సూత్రాలు 2003 జనవరిలో ప్రకటించిన అణు సిద్ధాంతంలో స్థిరపడ్డాయి.

2008: ప్రభుత్వాన్ని పణంగా పెట్టిన ఒప్పందం

2005 జులై 18న వాషింగ్టన్‌లో మన్మోహన్ సింగ్, జార్జి బుష్ విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన ముప్పై ఏళ్ల విధానాన్ని తిరగరాసింది. భారత్ తన పౌర, సైనిక అణు కేంద్రాలను వేరుచేసి, నాటి ప్రణాళికలోని 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీ కిందికి తెస్తుంది. అమెరికా తన చట్టం మార్చుకుని, ఎన్‌ఎస్‌జీని ఒప్పిస్తుంది. వినడానికి తేలికగా ఉన్న ఈ బేరం పూర్తవడానికి మూడేళ్లు పట్టింది.

దేశంలో మూడు వైపుల నుంచి విమర్శ వచ్చింది. విదేశాంగ విధానం అమెరికాకు తాకట్టు పడుతుందని వామపక్షాలు అన్నాయి. 2005 సెప్టెంబరులో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశంలో ఇరాన్‌కు వ్యతిరేకంగా భారత్ ఓటు వేయడం వారి అనుమానానికి బలమిచ్చింది. మళ్లీ పరీక్షించే స్వేచ్ఛ పోతుందని బీజేపీ అంది. అణు విద్యుత్తే వద్దని ప్రజా ఉద్యమాలు అన్నాయి. 2008 జులైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. జులై 22న లోక్‌సభలో జరిగిన విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 275-256 ఓట్లతో గట్టెక్కింది. స్వతంత్ర భారతంలో ఒక ఇంధన ఒప్పందం మీద ప్రభుత్వం ఇలా చావు బతుకుల మధ్య నిలబడిన సందర్భం మరొకటి లేదు.

వియన్నాలో, ఎన్‌ఎస్‌జీ సమావేశంలో పోరు ఇంకా గట్టిది. ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్ వంటి చిన్న దేశాలు ఎన్‌పీటీ బయట ఉన్నవారికి మినహాయింపు ఇస్తే నియమం విలువ పోతుందని చివరిదాకా నిలబడ్డాయి. సెప్టెంబరు 5న విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పరీక్షలపై స్వచ్ఛంద నిషేధాన్ని పాటిస్తామని మరోసారి ప్రకటించాకే దారి తెరుచుకుంది. మరుసటి రోజు మినహాయింపు వచ్చింది. ఆ చిన్న దేశాల వాదనను భారత్‌లో చాలామంది అహంకారమని కోప్పడ్డారు. నిజానికి ఎన్‌పీటీ నియమాలను తు.చ. తప్పకుండా పాటించి ఆయుధాలు వదులుకున్నవారి ప్రశ్న అది. దానికి సూటి జవాబు ఈనాటికీ లేదు. భారత్ తన సాంకేతికతను ఎవరికీ చాటుగా అమ్మలేదన్న రికార్డు మాత్రమే ఆ జవాబుకు దగ్గరగా వస్తుంది. 2004లో బయటపడ్డ పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ రహస్య వ్యాపారాన్ని గుర్తుచేసుకుంటే ఆ రికార్డు విలువ తెలుస్తుంది.

మరి ఒప్పందం ఏం తెచ్చింది? ముందుగా యురేనియం తెచ్చింది. కజకిస్తాన్, రష్యా, కెనడాల నుంచి ఇంధనం వచ్చింది. కొరతతో కుంటుతున్న రియాక్టర్లు పూర్తి శక్తితో నడిచాయి. జపాన్, ఆస్ట్రేలియాలతో ఒప్పందాలు కుదిరాయి. క్షిపణి సాంకేతికతను నియంత్రించే బృందంలో 2016లో చోటు దొరికింది. దౌత్యంలో లాభం నిస్సందేహం.

కరెంటు లెక్క వేరు. ఈ ఒప్పందం కింద అమెరికా, ఫ్రాన్స్ కంపెనీల రియాక్టరు ఒక్కటి కూడా భారత గడ్డపై నిలబడలేదు. తమిళనాడులోని కూడంకుళంలో రష్యా రియాక్టర్లు నడుస్తున్నాయి కానీ, వాటి ఒప్పందం 1988 నాటిది. మహారాష్ట్రలోని జైతాపూర్ కాగితాల మీదే ఉంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ కథ ఇంకా బాధాకరం. మొదట జీఈ కంపెనీ రియాక్టర్లన్నారు. ఆ తర్వాత వెస్టింగ్‌హౌస్ వారివి, ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అన్నారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరింది. ఈ మార్పుల నడుమ మత్స్యకార గ్రామాలు భూసేకరణ నోటీసులు, పునరావాస హామీల మధ్య ఏళ్లు గడిపాయి. వాషింగ్టన్‌లో, వియన్నాలో గెలిచిన ఒప్పందం కొవ్వాడ తీరంలో ఇప్పటికీ ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వలేదు.

దీనికి ప్రధాన కారణంగా 2010 అణు ప్రమాద పరిహార చట్టాన్ని చూపుతారు. లోపభూయిష్టమైన పరికరం ఇచ్చిన సరఫరాదారు నుంచి పరిహారం రాబట్టుకునే హక్కును దానిలోని 17వ సెక్షన్ నిర్వాహక సంస్థకు ఇచ్చింది. విదేశీ కంపెనీలు దీన్ని ససేమిరా ఒప్పుకోలేదు. 1984 భోపాల్ విషవాయువు దుర్ఘటన బాధితులకు జరిగిన అన్యాయం కళ్లముందు ఉండగా, పార్లమెంటు ఆ నిబంధన పెట్టడంలో తప్పేమీ లేదు. చట్టం వచ్చిన మరుసటి ఏడాదే జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగిన ప్రమాదం ఆ జాగ్రత్త అవసరాన్ని రుజువు చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం పాత చట్టాలను తొలగించి, ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్ రంగాన్ని తెరిచింది, సరఫరాదారుల బాధ్యతను సడలించింది. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని అదే ఏడాది బడ్జెట్ ప్రకటించింది. ఇప్పుడున్నది 9 గిగావాట్ల లోపే. దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో దాని వాటా 3 శాతం చుట్టూ తిరుగుతోంది.

కట్టడి, బేరం, బాంబుదాడి

ఇతర దేశాల అనుభవాలు ఈ చర్చకు అద్దం పడతాయి. ఉత్తర కొరియాతో 1994లో అమెరికా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, ప్లుటోనియం కార్యక్రమాన్ని నిలిపితే రెండు తేలిక నీటి రియాక్టర్లు కట్టి ఇవ్వాలి. రియాక్టర్లు పూర్తికాలేదు, ఒప్పందం 2002లో కుప్పకూలింది, 2006 అక్టోబరులో ఆ దేశం బాంబు పేల్చింది. దక్షిణాఫ్రికా ఇందుకు పూర్తి భిన్నం. రహస్యంగా తయారుచేసుకున్న ఆరు అణ్వస్త్రాలను తానే విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరింది.

ఇరాన్ విషయంలో కట్టడి, బేరం, బాంబుదాడి అనే మూడు పద్ధతులనూ ప్రయోగించారు. 2015 జులైలో కుదిరిన ఒప్పందం యురేనియం శుద్ధిని 3.67 శాతానికి, నిల్వను 300 కిలోలకు కట్టడి చేసింది. 2018 మేలో అమెరికా ఏకపక్షంగా వైదొలిగింది. ఆంక్షల ఒత్తిడితో మరుసటి ఏడాది భారత్ ఇరాన్ చమురు కొనడం మానేసింది. ఇరాన్ శుద్ధిని 60 శాతానికి పెంచింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఆపైన అమెరికా ఆ దేశపు అణు కేంద్రాలపై దాడి చేశాయి. తనిఖీలు పనిచేస్తున్న కాలంలో 3.67 దగ్గర ఆగిన అంకె, ఒప్పందాన్ని చింపేశాక 60కి ఎక్కిందన్న వాస్తవం చాలు, ఏ పద్ధతి పనిచేసిందో తేల్చడానికి. దాడులు భవనాలను కూల్చగలవు. శాస్త్రవేత్తలకు తెలిసిన విద్యను చెరిపేయలేవు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మరో దారి చూపింది. యురేనియం శుద్ధి, ఇంధన పునఃశుద్ధి తన గడ్డపై చేయనని 2009లో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. దక్షిణ కొరియా కట్టిన బరాకా కేంద్రంలోని నాలుగు రియాక్టర్లు నేడు ఆ దేశపు కరెంటులో దాదాపు నాలుగో వంతు ఇస్తున్నాయి. హక్కు వదులుకుని కరెంటు పొందిన దేశమిది. అందరినీ ఇదే చేయమనడం కష్టం. అమెరికా అధ్యక్షుడి మనసు మారితే ఇంధనం ఆగిపోతుందన్న భయం ఉన్నంతకాలం దేశాలు సొంత శుద్ధి కేంద్రాలు కోరుకుంటూనే ఉంటాయి. ఆ భయాన్ని తగ్గించడానికే కజకిస్తాన్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2017లో ఇంధన బ్యాంకును తెరిచింది.

ఈ చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకోదగిన మంచి అధ్యాయం ఒకటుంది. 1993 నుంచి 2013 వరకు రష్యా తన బాంబుల నుంచి తీసిన 500 టన్నుల అతిశుద్ధ యురేనియాన్ని పలచన చేసి అమెరికాకు అమ్మింది. ఆ ఇరవై ఏళ్లలో అమెరికా కరెంటులో దాదాపు పదో వంతు సోవియట్ బాంబుల నుంచి వచ్చింది. నిరాయుధీకరణ కేవలం ఆదర్శవాదుల కల కాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఎండకు ఒప్పందం అక్కర్లేదు, ఫలకానికి కావాలి

2015 నవంబరు 30న పారిస్ వాతావరణ సదస్సులో భారత్, ఫ్రాన్స్ కలిసి అంతర్జాతీయ సౌర కూటమిని ప్రారంభించాయి. దాని కేంద్ర కార్యాలయం హర్యానాలోని గురుగ్రామ్‌లో ఉంది. అణు క్లబ్బుల గుమ్మాల ముందు దశాబ్దాలు నిలబడిన దేశం, తన గడ్డపైనే ఒక అంతర్జాతీయ సంస్థకు చోటిచ్చి, ఆఫ్రికా, పసిఫిక్ దేశాలను కలుపుకుంది. ఇది చిన్న మార్పు కాదు. 2021 గ్లాస్గో సదస్సులో 2030 నాటికి శిలాజేతర విద్యుత్ సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు పెంచుతామని ప్రధాని మోదీ ప్రకటించారు. 2025 తొలి నెలల్లోనే సౌర సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. అణు విద్యుత్తు అరవై ఏళ్లలో చేరిన దూరానికి పది రెట్లకు పైగా సూర్యుడు పదిహేనేళ్లలో తీసుకువెళ్లాడు.

ధరలే ఇందుకు మూలం. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో యూనిట్ ధర 2.44 రూపాయలకు పడింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రెండు రూపాయల కిందికి, 1.99కి దిగింది. కర్నూలు సమీపంలో గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఆనాడు ఒకే చోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దది. రామగుండం జలాశయంపై ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రాన్ని పెట్టింది.

అయినా ఎండను నమ్ముకున్నవారికి విదేశాంగ విధానంతో పని లేదనుకుంటే పొరపాటే. సౌర ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ ప్రపంచ సామర్థ్యంలో 80 శాతానికి పైగా చైనాదే. దేశీయ ఫలకాలనే వాడాలని భారత్ పెట్టిన నిబంధనపై అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2016 సెప్టెంబరులో తీర్పు భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది. తర్వాత 2022 ఏప్రిల్ నుంచి ఫలకాలపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం దిగుమతి సుంకం పడింది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలు, అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు విద్యుత్ వాహనాల కర్మాగారాలు కంగారుపడ్డాయి.

అయితే ఈ ఆధారపడటం తారాపూర్ తరహాది కాదు. యురేనియం ఆగితే నడుస్తున్న రియాక్టరు ఆగిపోతుంది. ఫలకాల దిగుమతి ఆగితే కొత్త కేంద్రం ఆలస్యమవుతుంది, పాత కేంద్రం పాతికేళ్లు నడుస్తూనే ఉంటుంది. ఒత్తిడి పెట్టేవారి చేతికి అందే ఆయుధం ఇక్కడ చాలా మొద్దుబారినది. ఇంధన స్వాతంత్ర్యం కోసం భాభా థోరియం ఇసుకలో వెతికిన జవాబులో పెద్ద భాగం రాయలసీమ ఎండలో ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

సాయంత్రం ఏడు గంటలకు

పునరుత్పాదక పక్షం బలహీనత సూర్యాస్తమయంతో బయటపడుతుంది. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు వేసుకునే వేళకు సౌర విద్యుత్తు సున్నా. ఆ లోటును నేడు పూడుస్తున్నది బొగ్గు. దీనికి జవాబుగా నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ సౌర, పవన విద్యుత్తుతో పాటు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని చేపట్టింది. పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎత్తిపోసి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం దాని పద్ధతి.

అణు పక్షం దగ్గర ఇక్కడ గట్టి వాదనే ఉంది. రియాక్టరు రాత్రీ పగలూ నడుస్తుంది, పొగ వదలదు, భూమి తక్కువ అడుగుతుంది. కర్నూలు పార్కుకు వెయ్యి మెగావాట్లకే దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. ఈ వాదనతోనే 2023 దుబాయ్ సదస్సులో ఇరవైకి పైగా దేశాలు 2050 నాటికి అణు విద్యుత్తును మూడు రెట్లు చేస్తామన్నాయి. అదే వేదికపై వందకు పైగా దేశాలు 2030 నాటికి పునరుత్పాదక సామర్థ్యాన్ని మూడు రెట్లు చేస్తామన్నాయి. భారత్ రెండు ప్రతిజ్ఞల్లోనూ చేరలేదు.

కొత్త రియాక్టర్లు పాత ప్రమాదాన్ని కొత్త రూపంలో తెస్తున్నాయి. చిన్న మాడ్యులర్ రియాక్టర్లలో కొన్ని నమూనాలకు 5 నుంచి 20 శాతం మధ్య శుద్ధి చేసిన యురేనియం కావాలి. అది ఎక్కువ దేశాల్లో, ఎక్కువ చోట్ల తిరగడం మొదలైతే తనిఖీ సంస్థ పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆస్ట్రేలియాకు అణు జలాంతర్గాములు ఇవ్వాలని అమెరికా, బ్రిటన్‌లతో కూడిన ఆకస్ కూటమి 2021లో తీసుకున్న నిర్ణయం కూడా ఇలాంటిదే. జలాంతర్గామిలోని ఇంధనాన్ని తనిఖీ నుంచి తప్పించే వెసులుబాటు నిబంధనల్లో ఉన్నా, అణ్వస్త్రాలు లేని ఏ దేశమూ దాన్ని ఇంతవరకు వాడుకోలేదు. యుక్రెయిన్‌లోని జపోరిజ్జియా, యూరప్‌లోనే పెద్దదైన అణు విద్యుత్ కేంద్రం, 2022 మార్చి నుంచి రష్యా సేనల చేతిలో ఉంది. రియాక్టరు యుద్ధరంగంగా మారితే ఏమిటన్నది ఇక ఊహ కాదు.

గనుల దగ్గరి మనుషుల మాట ఈ చర్చల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి శుద్ధి చేస్తున్నారు. చుట్టుపక్కల గ్రామాల రైతులు భూగర్భ జలాలు చెడుతున్నాయని, పంటలు దెబ్బతింటున్నాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనపై 2019లో చెంచుల నుంచి సినిమా తారల దాకా గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గనులకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. విదేశాల్లో యురేనియం దొరికే దారి తెరుచుకున్నాక అడవిని తవ్వవలసిన తొందర ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వాలదే.

ఈ రెండు రంగాలనూ కలిపి చూస్తే ఒక తీర్పు చెప్పవచ్చు. అణు విద్యుత్తును పూర్తిగా వదులుకోవాలన్న వాదన, బొగ్గు ఇంకా ఇంత ఉన్న దేశంలో, నేటికి నిలవదు. నడుస్తున్న రియాక్టర్లు నడవాలి, దేశీయంగా కడుతున్న 700 మెగావాట్ల రియాక్టర్లు పూర్తికావాలి. కానీ కొత్త డబ్బు, కొత్త దౌత్యం ముందుగా వెళ్లవలసింది నిల్వకు, ఫలకాల తయారీకి, సౌర కూటమికి. అణ్వస్త్రాల విషయంలో ముందుగా ప్రయోగించబోమన్న మాటను ఎన్నికల వేదికల మీద పలచన చేయకుండా కాపాడుకోవాలి. నెహ్రూ, రాజీవ్ గాంధీ ప్రారంభించిన నిరాయుధీకరణ వాదాన్ని అటక మీంచి దించి మళ్లీ మాట్లాడాలి. శాంతి చట్టం కింద రాబోయే ప్రతి రియాక్టరు ఒప్పందంలోనూ ప్రమాదం జరిగితే ఎవరు ఎంత చెల్లిస్తారో అక్కడి గ్రామసభల్లో అక్కడి ప్రజల భాషలో చదివి వినిపించాలి. కొవ్వాడ ప్రజలకు ఆ హక్కు ఉంది.